సోమవారం తూకం

ఏ డయాలసిస్ వార్డులోనైనా ముందు తూకం చూస్తారు. డ్రై వెయిట్‌కి, అంటే అదనపు నీరు లేనప్పటి బరువుకి, మించి తేలిన రెండు మూడు కిలోలూ ఒంట్లో చేరిన నీరే. ఆదివారం సెలవు దాటి వచ్చినవాళ్లకు అది ఇంకాస్త పెరుగుతుంది.

1943లో నెదర్లాండ్స్‌లో విలెం కాఫ్ సెల్లోఫేన్ గొట్టాలతో తొలి డయాలసిస్ యంత్రం కట్టాడు. మిషన్ ఎక్కినప్పుడల్లా కొత్తగా రక్తనాళం కోయాల్సి వచ్చేది, అందుకే అది నాలుగు రోజుల సాయంగానే మిగిలింది. 1960 మార్చిలో సియాటిల్‌లో డాక్టర్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ షంట్, అంటే రక్తనాళాల్లో అలాగే ఉంచేసే గొట్టం, క్లైడ్ షీల్డ్స్ అనే రోగి చేతికి అమరాక ఆ బాధ తప్పింది. అదే ఏడు జులైలో కౌవెన్‌హోవెన్ బృందం ఛాతీ కోయకుండానే, పైనుంచి నొక్కి ఆగిన గుండెను ఆడించవచ్చని ప్రచురించింది. రెండు విద్యలూ ఒక ఈడువే. షీల్డ్స్ పదకొండేళ్లు బతికాడు. 1971లో అతన్ని తీసుకుపోయింది మాత్రం గుండెపోటు.

డయాలసిస్ రోగులను గుండే తీసుకుపోతోందన్న సంగతి లెక్కల్లోకి ఎక్కడానికి చాలా కాలం పట్టింది. వారానికి మూడుసార్లు మిషన్ ఎక్కే అమెరికా రోగుల్లో ఆకస్మిక మరణాలు సోమ, మంగళవారాల్లో ఎక్కువని 1999లో తేలింది. వారాంతంలో వచ్చే రెండు రోజుల విరామంలో పొటాషియం, నీరు పేరుకుంటాయి. మిషన్ వాటిని నాలుగు గంటల్లో లాగేస్తుంది. ఆ ఒడిదుడుకులకు గుండె లయ తప్పుతుంది. 2001లో మరో పరిశీలన లక్ష డయాలసిస్‌లకు ఏడుసార్లు గుండె ఆగుతోందని, అలా ఆగినవాళ్లలో అరవై శాతం మంది రెండు రోజుల్లోనే పోతున్నారని చెప్పింది. నన్నడిగితే, మొదటి అంకె ఊరట, రెండోది గుబులు.

గుండె ఆగినప్పుడు వార్డులో మాటలుండవు. నీరు లాగడం ఆపేస్తారు, మంచం చదును చేసి ఛాతీ నొక్కడం మొదలుపెడతారు. పొటాషియం అనుమానముంటే కాల్షియం ఇంజెక్షన్. షాక్ ఇవ్వాల్సొస్తే ముందు మిషన్ నుంచి విడదీస్తారు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మన దగ్గర డయాలసిస్ పేదవాడికీ అందింది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కోసం పలాసలో 2023లో ప్రత్యేక ఆసుపత్రే తెరిచారు. అయితే మన దేశంలో చాలామందికి వారానికి రెండుసార్లే మిషన్. అంటే ఏ విరామమూ రెండు రోజులకు తగ్గదు, అమెరికా వాళ్లు భయపడే సోమవారం ఇక్కడ వారానికి రెండుసార్లు వస్తుంది. పైగా ఉద్దానం కొబ్బరితోటల సీమ, కొబ్బరినీళ్ల నిండా పొటాషియమే. ఇంటికొచ్చిన చుట్టానికి బొండాం కొట్టిచ్చే చోట, మంచం మీదివాడికి మాత్రం గుక్కెడు నీళ్లు కొలిచి పోస్తారు.