నల్లరేగడి సీమలో కత్తుల ఉక్కు

గుంటూరు, ప్రకాశము మండలములకు దేశమంతట పేరు తెచ్చిన రెండు పంటలును కత్తి నెఱుగవు. పత్తి వ్రేళ్లతో తీయబడును. మిరపపండు వ్రేళ్లతోనే కోయబడి, కల్లములో ఎండి, గోతాముల కెక్కి గుంటూరు యార్డునకు చేరును. ఐనను ఈ నేలలో కొడవలికిని గొడ్డలికిని ఏ కాలమునను పని కొఱవడలేదు. 1967లో నాగార్జునసాగరపు కుడికాలువకు నీరు వదలుటకు పూర్వము ఈ మెట్టపొలములలో జొన్నయు సజ్జయు వరిగయు కందియు విస్తారముగా పండుచుండెను. వానిలో కొడవలి పడనిదే ఇల్లు చేరునది లేదు. నేటికిని పత్తి తీసిన పిమ్మట నిలిచిన కట్టెను నరుకవలెను, దుగ్గిరాల చెంత పసుపు త్రవ్వుటకు ముందు ఆకు కోయవలెను, బాపట్ల చీరాల తీరమున తాటిచెట్టు ఎక్కువాడు రోజుకు రెండుమారులు గెలను గీయవలెను, ప్రకాశము మండలమున కాగితపు మిల్లులకు పోవు సుబాబులును జామాయిలును గొడ్డలి కొరగవలెను.

ఇన్ని పనులు చేయు పనిముట్లన్నియు ఒకే కొలిమిలో, ఒకే దాగలిమీద పుట్టుచుండినను, ఒకే ఉక్కుతో పుట్టినవి గావు. మంగలికత్తికి కావలసినది కాఠిన్యము: వెండ్రుక కెదురుగా అంచు మడత పడరాదు, దెబ్బ తినుట అన్నది దానికి లేదు గనుక పెళుసైనను చెల్లును. గొడ్డలికి కావలసినది ఓర్పు: ముడిపడిన చేవకఱ్ఱపై బలము కొలది పడినప్పుడు అంచు కొంత అణగినను సరే గాని పెల్లు లేచి పోరాదు. నల్లరేగడిలో లాగు గుంటక పాస సంగతి మఱియొకటి. తడిసిన మన్ను దానిని పట్టుకొని వదలదు, ఎండిన మన్నులోని సున్నపుగుళ్లు దానిని అరగదీయును. కాఠిన్యమును ఓర్పును ఒక్క లోహమున పూర్తిగా కూర్చుట ఏ కాలపు కమ్మరికిని ఏ దేశపు శాస్త్రజ్ఞునికిని సాధ్యము కాలేదు. ఇనుములో కలిసిన బొగ్గుసారము, అనగా కర్బనము, నూటికి పావుపాలు ఉన్నంతవరకు లోహము మెత్తనిది, ఎంత కాచి ముంచినను పదును నిలువదు. అరపాలు దాటినచో పదును పట్టును. ఒక పాలు దాటినచో గట్టిపడును గాని పెళుసుతనమును వెంట తెచ్చుకొనును. ఈ అంకెలు మనకు పంతొమ్మిదవ శతాబ్దమున రసాయనజ్ఞులు చెప్పినవి. కమ్మరికి మాత్రము అంకె లేకయే ఆ తారతమ్యము తెలిసియుండెను. లోహపు ముక్కను దాగలిపై జారవిడిచి మ్రోత వినును, విఱిచి లోని రవను చూచును, ఆకురాయితో ఒక గీటు గీచి అది పట్టినదో జాఱినదో కనుగొనును. ఈ సీమ కత్తుల చరిత్ర యన, నా దృష్టిలో, ఏ యుగమున ఏ ఉక్కు చేతికి దొరకినదో దానిని ఈ పరీక్షలతో వేఱుపఱచి, ఏ పనికి ఏది తగునో నిర్ణయించిన వారి చరిత్రయే.

పల్నాటిలోని కారెంపూడి యందు కార్తీక అమావాస్యనాడు వీరారాధనోత్సవము లారంభమై ఐదు దినములు సాగును. పల్నాటి యుద్ధవీరుల ఆయుధములని తరతరములుగా భద్రపఱచిన కొణతములు ఊరూరి నుండి అచ్చటికి వచ్చి పూజ లందుకొనును. యుద్ధము చేసిన ఆయుధమునకు చరిత్రయు గుడియు దక్కినవి. ఆ వీరులకు అన్నము పెట్టిన కొడవలికి ఎవ్వరును శాసనము వేయించలేదు. కొడవలి అరగును, అరిగినంత కాలము కాలి సాగి మరల నూఱబడును, కడకు మేకుగనో గొళ్లెముగనో మాఱి అంతరించును. కనుకనే పాత పనిముట్ల లోహమును గూర్చి మనకు తెలిసినది, అవి చేసిన పద్ధతి కొలుములలో నిలిచియుండుట చేతనే.

ఆ పద్ధతులలో మిక్కిలి ప్రాచీనమైనది, ఇటీవలి వరకు వాడుకలో నున్నది, ఉక్కు వేయుట. ఇనుము చవుక, ఉక్కు ప్రియము. గొడ్డలి యంతయు ఉక్కుతో చేయుట ధనవ్యయమే గాక దోషము కూడ. అందుచే మెత్తని ఇనుముతో ఒడలు సాగగొట్టి, అంచును చీల్చి, ఆ చీలికలో ఉక్కుపలక నిమిడ్చి, వెలిగారమో ఇసుకయో చల్లి, తెల్లని వేడిమి వచ్చువరకు తిత్తులూది, సమ్మెటతో ఒక్కటిగా అతుకుదురు. దెబ్బను ఒడలిలోని ఇనుము ఓర్చుకొనును, అంచులోని ఉక్కు తెగకోయును. గునపము మొనకును కఱ్ఱుకొనకును ఇదియే మార్గము. ఏరువాక పున్నమకు ముందు కొలిమియొద్ద కఱ్ఱులు కాల్పించుకొనుటకు రైతులు బారులు తీరుటయు, కల్లమున ధాన్యము కొలుచునాడు కమ్మరి తన మేర తీసికొని పోవుటయు ఈ విద్యకు ఏర్పడిన జీవనాధారము. నగదు చేతులు మాఱనందున ఎక్కడను లెక్కలకెక్కలేదు గాని, ఊరి సేద్యమంతయు ఆ అతుకు గట్టితనముమీద నడచినది.

ఇక ఉత్తమమైన ఉక్కు తెలుగునేలపై ఎచ్చట పుట్టుచుండెను? కృష్ణకు ఉత్తరమున, నేటి నిజామాబాదు ప్రాంతమున, కోనసముద్రమను గ్రామమున. భూగర్భశాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ అచ్చటి పనిని స్వయముగా చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో బెంగాలు ఏషియాటికు సొసైటీ పత్రికలో వెలువడెను. రెండు తావుల నుండి తెచ్చిన, రెండు స్వభావములు గల ఇనుములను మట్టి మూసలలో కలిపి, మూతలు గట్టిగా మెత్తి, ఒక అహోరాత్రము తిత్తులతో కాచి, మూసను మెల్లగా చల్లారనిచ్చి, పిదప పగులగొట్టి లోని ఉక్కుముద్దను తీయుచుండిరి. దక్షిణదేశపు ఇతర తావులలో తంగేడుకఱ్ఱ ముక్కలును జిల్లేడాకులును ఇనుముతోబాటు మూసలో వేయుట వాడుక. మూసలో గాలి చొరనందున ఆ కఱ్ఱ బూడిద గాక బొగ్గై, ఆ బొగ్గుసారము ఇనుములో కరగి దానిని ఉక్కుగా మార్చును. ఇట్లు పుట్టిన ఉక్కులో కర్బనము నూటికి సుమారు ఒకటిన్నర పాలు. అనగా నేటి కత్తుల ఉక్కులలో అనేకముల కంటె హెచ్చు. వాయ్సీ కోనసముద్రమున ఉన్న కాలమున ఇస్ఫహాను పురమునుండి వచ్చిన పారసీక వర్తకు డొకడు అచ్చటనే యుండి ఉక్కు కొనుచుండెను. పల్లెటూరి కొలిమియొద్ద కూర్చుండుటకై ఒక వర్తకుడు సముద్రమును దాటి వచ్చెనన్న, ఆ ముద్దల విలువ ఎట్టిదో ఊహింపవచ్చును.

ఆ విలువను అంతకు పూర్వమే ఎఱిగినవాడు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే. పదునేడవ శతాబ్ది నడుమ అతడు గోలకొండ రాజ్యమున తిరిగి, మన పల్నాటి కృష్ణాతీరమందలి కొల్లూరు వజ్రపుగనిని చూచి, అచ్చట అరువది వేలమంది పని చేయుచున్నారని వ్రాసెను. ఆ టావెర్నియేయే తన పారసీక యాత్రలో, గోలకొండ నుండి వచ్చు ఉక్కుముద్దలతో మాత్రమే అలల చారలు గల ఖడ్గములు చేయవచ్చుననియు, వర్తకులు ముద్దను రెండుగా ఖండించి లోపలి గుణము చూచి కొందురనియు తెలిపియున్నాడు. కొల్లూరు వజ్రములను లోకమంతయు స్మరించును. అదే రాజ్యపు ఉక్కును దమస్కసు పేరు మ్రింగివేసినది. ఖడ్గము కొట్టినవాని ఊరు ప్రసిద్ధి కెక్కి, లోహము చేసినవాని ఊరు మఱుగున పడుట నాకు ఏనాటికిని న్యాయముగ తోచదు.

నిజాంపట్టణము మన తీరమున ఉన్న పాతరేవు. డచ్చివారు 1606లోను, ఇంగ్లీషువారు 1611లోను అచ్చట దిగిరి. దానికి ఉత్తరమున ఉన్న మచిలీపట్టణము గోలకొండకు ప్రధానమైన సముద్రద్వారము. రేవులు ఇంత చెంత నుండి, పరదేశి వర్తకులు ఆ ఉక్కునకు అంత విలువ నిచ్చినను, కోనసముద్రపు ఉక్కు పల్లె కొడవలికి తగినదని చెప్పుట కష్టము. అంత కర్బనము గల ఉక్కును మామూలు ఇనుమువలె తెల్లగా కాచి కొట్టినచో సమ్మెట క్రింద పొడియగును. ఎఱ్ఱని మంద వేడిమిలో, ఓపికతో, అనేక పర్యాయములు కాచి సాగదీయవలెను. అంత శ్రమకు ఖడ్గము వెలనిచ్చును గాని కొడవలి ఇయ్యజాలదు. ఐరోపా కమ్మరులు చాలకాలము ఈ రహస్యము నెఱుగక, ముద్ద ముక్కలగుట చూచి, లోహమునే నిందించిరి.

నిందింపనివారును కలరు. 1794లో హెలెనసు స్కాటు బొంబాయి నుండి ఈ ఉక్కుముద్దలను లండనుకు పంపగా, మరుసటి యేట జార్జి పియర్సను రాయలు సొసైటీలో దానిపై వ్యాసము చదివెను. వైద్యశస్త్రములు చేయు జేమ్సు స్టోడార్టు దీనిని సాధించి, క్షురికలకును శస్త్రములకును ఐరోపా ఉక్కుకంటె దీనినే మెచ్చెను. ఆతనితో కలిసి 1820లో ఉక్కు మిశ్రమములపై ప్రయోగములు ప్రకటించినవాడు మైఖేలు ఫారడే. విద్యుచ్ఛాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన ఆయన కమ్మరి కుమారుడు. మన మూసలోని ముద్ద ఆ విధముగా ఉక్కులో ఇతర లోహములను కలిపి చూచు శాస్త్రమునకు ప్రేరణ మయ్యెను. నూట డెబ్బదియేండ్లకు పైబడిన పిదప, 1998లో, వెర్హోవెను, పెండ్రే అను అమెరికనులు ఆ అలల చారలకు ముద్దలో అత్యల్పముగ నున్న వనాడియమువంటి ధాతువులు కారణమని నిరూపించిరి. ఖనిజము తీసిన కొండ మాఱినచో చార యెందుకు మాయమగునో అప్పటికి గాని లోకమునకు తెలియరాలేదు.

ఇంతలో ఇచ్చటి కొలుములు చల్లబడెను. కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిను హైనె నూజివీటి చెంత రమణక్కపేట ఇనుపకొలుములను చూచి, కఱవునకు పూర్వము మెండుగా నున్నవి పిదప క్షీణించినట్లు వ్రాసెను. ఆయన గ్రంథము 1814లో అచ్చయ్యెను. ఇంగ్లండున 1856లో బెస్సెమరు పద్ధతి వచ్చిన పిదప ఉక్కు కుప్పలుగా పుట్టి చవుకయ్యెను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టముతో బొగ్గు కాల్చుటకు అడవి అందుబాటు తగ్గెను. 1899లో బెజవాడ నుండి బాపట్ల, ఒంగోలుల మీదుగా మద్రాసునకు రైలుమార్గము తెఱవబడగా, ఇనుపకడ్డీలు కట్టలుగా దిగుమతి యగుట సులభమాయెను. మంగలికత్తి ఇంగ్లండులోని షెఫీల్డుదైనది. ఒంగోలు చెంత కొణిజేడు, పేర్నమిట్ట కొండలలో అయస్కాంతపు ఇనుపరాయి ఉండనే యున్నది. అందు రాతిపాలు ఎక్కువ, ఇనుముపాలు తక్కువ యగుటచే నేటివరకు అది ఎక్కువగా లెక్కలలోని సంపదగానే మిగిలినది.

కొలిమికి మరల ఊపిరి పోసినది లారీ. పాడైన లారీల కమానుపట్టీలు పాత ఇనుము దుకాణములలో దొరకసాగిన పిదప మన కమ్మరి చేతికి మునుపెన్నడు లేనంత మంచి ఉక్కు చవుకగా చిక్కెను. అందు కర్బనము నూటికి సుమారు 0.5 మొదలు 0.6 పాళ్ల వరకు, దానితో సిలికాను, మాంగనీసు కలియుటచే వంగి మరల నిలుచు బలము గలది. ఉక్కు వేయు అతుకు అవసరము దీనితో తీఱిపోయెను. గొడ్డలి, మచ్చుకత్తి, కొడవలి అన్నియు ఒకే పట్టీ నుండి కోయవచ్చును. కాని పాత విద్య తెలియనివాడు దీనిని చన్నీట ముంచి బీటలు తెచ్చుకొనును. తెలిసినవాడు ఎఱ్ఱగా కాచి నూనెలో ముంచును. లేదా అంచును మాత్రము క్షణకాలము ముంచి తీసి, ఆకురాతితో మెఱుగు చేసి, వీపున మిగిలిన వేడి అంచునకు పాకి రంగులు మార్చుట చూచును. లేత గడ్డిరంగు క్షురికకు, గోధుమరంగు కత్తికి, ఊదా గొడ్డలికి, నీలము కమానుకు తగినవి. కావలసిన రంగు కంటబడిన మరుక్షణమే ముంచి ఆపవలెను. తాటిగీత కత్తికి మాత్రము మెత్తని ఉక్కు చాలదు. గెల తలను పలుచని పొరగా, రసము కాఱునట్లు, నలగకుండ కోయవలెను గనుక అంచు క్షురికకు దగ్గఱగా గట్టిపడవలెను, ప్రతి దినము నూఱబడవలెను.

తుప్పు పట్టని ఉక్కు 1913లో షెఫీల్డున హ్యారీ బ్రెయర్లీ చేతిలో, తుపాకిగొట్టముల అరుగుదల తగ్గించు యత్నమున పుట్టెను. అందు క్రోమియము నూటికి 12.8 పాళ్లు, కర్బనము 0.24 పాళ్లు. కత్తులు చేయువారు మొదట అది తెగదని పరిహసించిరి. నిజమునకు వారు దానిని పాత ఉక్కువలె కాచి చెఱచిరి, తగిన వేడిమి అంతకంటె హెచ్చని తెలిసిన పిదప మాట మార్చిరి. మన వంటిండ్లలో దాని మేలు చెప్పనక్కఱలేదు. గోంగూర, చింతకాయ, నిమ్మకాయ, టమాటా కోసినప్పుడు పాత కత్తిపీట అంచు నల్లబడి కూరకు ఇనుపవాసన తగులును. క్రోమియము గల పలుచని చాకునకు ఆ దోషము లేదు. ఐతే అంగట దొరకు చవుక చాకులలో కర్బనము స్వల్పము. అంచు త్వరగా మొద్దువారును, సానకు వచ్చినప్పుడు పాత ఉక్కువలె చురుకుగా లేవదు.

వేసవిలో ఆవకాయ పెట్టు దినములలో గుంటూరు మార్కెట్టు చెంత మామిడికాయలు కొట్టి యిచ్చువారి ముందు ఈ ఉక్కుల భేదము స్పష్టముగ కాననగును. కాయను టెంకతో సహా ఒక్క దెబ్బకు చీల్చవలెను, జీడి ఊడవలెను, ప్రతి ముక్కకు టెంక అంటి యుండవలెను. పలుచని స్టెయిన్‌లెస్ చాకు ఆ టెంకమీద వంగును, లేక అంచు పెల్లు విఱుగును. కనుక వారు వాడునది దళసరి వీపు గల కత్తి, దిమ్మకు ఒక కొన బిగించినది, పలువురి వద్ద కమానుపట్టీ నుండి కొట్టించినది. పులుపు తగిలి అది గంటలో నల్లబడును. సాయంకాలము వారు దానిని కడిగి, గుడ్డతో తడి యొత్తి, నూనె రాచి గోనెలో చుట్టుదురు. మరునాటి ఉదయము సానరాతిపై నాలుగుమారులు త్రిప్పిన చాలును, అంచు మరల వచ్చును.