బందరు దారిలో మన్సూరాబాద్

హైదరాబాద్‌కు సముద్రం లేదని అందరూ అనేదే. కానీ కుతుబ్ షాహీల కాలంలో ఈ నగరానికి రేవు ఉండేది. అదే బందరు, అంటే మచిలీపట్నం. అక్కడికి పోయే సరుకు మన తూర్పు దిక్కు నుంచే బయలుదేరేది. మన్సూరాబాద్ నుంచి చింతలకుంట వైపు దిగితే తగిలే రోడ్డును మనం విజయవాడ హైవే అంటాం గానీ, ఆ 65వ నంబరు జాతీయ రహదారి ఈనాటికీ మచిలీపట్నం దాకా పోతుంది.

పాత బాటకు సాక్ష్యం చూడాలంటే హయత్‌నగర్ వెళ్లాలి. అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు అది. అక్కడి మసీదు ఆవరణ చుట్టూ కమానుల గదులు వరసగా ఉంటాయి. అవి నమాజు కోసం కట్టినవి కావు, బాటసారులు రాత్రి తలదాచుకునే సరాయి గదులు. దగ్గర్లోనే ఏనుగుల పేరు మోసే పెద్ద దిగుడుబావి, హాథీ బావడి. సరాయి, బావి ఇంత పెద్దగా కట్టారంటే దారిన ఎంతమంది జనం, ఎన్ని పశువులు పోయేవో ఊహించుకోవచ్చు.

17వ శతాబ్దంలో ఇటు తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే గోల్కొండ నుంచి బందరుకు బండ్లు నడవవని రాశాడు. గుట్టలు, చెరువులు, వాగులు అడ్డం. అందుకే సరుకు ఎక్కువగా పెరికెద్దుల వీపు మీదే పోయేది.

ఆ పెరికల్లో ఏముండేది? గోల్కొండ అనగానే కొల్లూరు వజ్రాలు గుర్తొస్తాయి. అవి ఒక మనిషి నడుముకు కట్టుకుపోగలిగిన సరుకు. ఓడలు నింపింది మాత్రం బట్ట. తెల్లబట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, పటికతో బొమ్మ గీసి, కృష్ణా డెల్టాలో దొరికే చిరివేరుతో కాస్తే పటిక తగిలినచోట ఎరుపు పట్టేది. ఎన్ని ఉతుకులకూ ఆ ఎరుపు పోదు. ఈ అద్దకం కోసమే డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో దిగారు. ఇండోనేసియా దీవుల్లో లవంగం, జాజికాయ కొనాలంటే చేతిలో మన బట్ట ఉండాలి. ఇందూరు వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు పర్షియా చేరి కత్తులయ్యేది. తిరుగు ఓడల్లో పర్షియా గుర్రాలు, జపాన్ రాగి, మలయా తగరం, చైనా పింగాణీ వచ్చేవి.

ఈ వ్యాపారం కుతుబ్ షాహీలతో మొదలైంది కాదు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునేవారు. ఆయన ఆ పద్ధతి మాన్పించి, ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటానని మాటిచ్చాడు. ఏ సరుకుకు ఎంతో రాతిమీదే ఉంది: చందనం, చైనా కర్పూరం, పన్నీరు, ముత్యాలు, ఏనుగుదంతం, పట్టు, పగడాలు, మిరియాలు, రాగి, సీసం. కడలి దాటి వచ్చేవాడికి కావలసింది ముందు భరోసా అని ఆ రాజుకు తెలుసు.

1687లో గోల్కొండ మొఘలుల చేతికి పోయింది, బందరు రాబడీ తగ్గింది. 1864 తుపాను ఉప్పెన ఆ పట్నాన్ని కోలుకోలేని దెబ్బ తీసింది. మన వైపు మాత్రం దారి దారిగానే మిగిలింది. ఆటోనగర్ దగ్గర లారీలు ఇప్పటికీ అటే తిరుగుతాయి.

మన ప్రాంతానికి చరిత్రేముంది, ప్లాట్లు పడ్డాకే కదా ఊరు అయింది అనేవాళ్లు మా కాలనీలో చాలామందే ఉన్నారు. గోల్కొండ కోట చూపించడానికి పిల్లల్ని బస్సెక్కించే ఇక్కడి బడులు ఒక పూట హయత్‌నగర్ సరాయికీ తీసుకెళ్లాలి. కోటలో సుల్తానుల కథ వింటారు. సరాయిలో ఆ సుల్తానుల ఖజానా నింపిన నేతగాళ్లు, అద్దకంవాళ్లు, ఎద్దులు తోలినవాళ్ల కథ చెప్పాలి.