క్రిస్మస్ విందు, కుల ధ్రువపత్రం

తెలంగాణ ప్రభుత్వం 2014 నుంచి డిసెంబరు నెలలో అధికారికంగా క్రిస్మస్ విందు చేయడం మొదలుపెట్టింది. పేద క్రైస్తవ కుటుంబాలకు బట్టలు పంచింది. 2023లో ప్రభుత్వం మారినా విందు మాత్రం ఆగలేదు. రంజాన్ విందు, బోనాలు, బతుకమ్మ సంగతి సరేసరి. లౌకిక రాజ్యానికి పండుగలతో పనేమిటని మన అభ్యుదయవాదుల్లో కొందరు ప్రశ్నిస్తారు. అల్పసంఖ్యాకులను అనుమానంగా చూస్తున్న రోజుల్లో ముఖ్యమంత్రి వచ్చి వాళ్ల పంక్తిలో కూర్చోవడం చిన్న సంగతి కాదని మరికొందరు అంటారు. రెండో వాదంలో బలం వుందనే నా అభిప్రాయం. కాని యీ వాదులాట అంతా విస్తరి దగ్గరే ఆగిపోతున్నది. విందుకు పిలిచిన సర్కారు, అదే మనిషి కాగితం కోసం కచేరీకి పోతే యెలా వ్యవహరిస్తున్నదో యెవరూ అడగటం లేదు.

పాలకులు మతానికి దానాలు చేయడం మనకు కొత్త కాదు. మా ఎల్లంతకుంట మండలంలో రేపాక అని వొక వూరు వుంది. క్రీ.శ. 966 నాటి పర్భణీ తామ్రశాసనంలో ‘రేపాక పన్నెండు’ అనే గ్రామసముదాయం కనిపిస్తుంది. వేములవాడ చాళుక్యరాజు మూడవ అరికేసరి, తన తండ్రి బద్దెగుడు కట్టించిన శుభధామ జినాలయం ఖర్చుల కోసం, ఆ సముదాయంలోని వనికటుపులు అనే వూరిని జైనాచార్యుడు సోమదేవసూరికి ధారపోశాడు. (ఆ పేరు చదివినప్పుడల్లా మా మండలంలోనే వున్న వంతడుపుల నాకు గుర్తుకు రాక మానదు.) సోమదేవుడు సామాన్యుడు కాడు, యశస్తిలక చంపువు రాసినవాడు. అంతకు ముందు రెండవ అరికేసరి ఆస్థానంలో పంపకవి వున్నాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల గుట్టమీద చెక్కించిన శాసనంలోని మూడు కందపద్యాలను మనం తరగతి గదుల్లో గౌరవంగా పాఠం చెపుతున్నాం. గణాలు చెప్పి, యతి చెప్పి వూరుకుంటాం. ఇంత వైభవం వెలిగిన మతం యేమైపోయిందని విద్యార్థి అడిగితే మాత్రం మన దగ్గర జవాబు తడుముకోవలసి వస్తుంది. జినాలయానికి పోషకుడు రాజు. ఆ రాజవంశం అంతరించింది, ఆదరణ పోయింది. నేడు అదే వేములవాడకు జనం కోడె మొక్కులకు పోతున్నారు. ఆ దానశాసనంలో కనిపించనివాడు ఆ వూరి రైతు. నిన్నటిదాకా రాజుకు కట్టిన పన్ను రేపటినుంచి జినాలయానికి కట్టాలి. అతనికి తెలిసిన మతమార్పిడి అంతే!

నిజాము కాలానికి వస్తే, మతవ్యవహారాలకు ‘ఉమూరె మజ్‌హబీ’ అనే ప్రత్యేక శాఖే వుండేది. మసీదులకే కాక దేవాలయాలకు కూడా మామూళ్లు అందేవి. దీన్ని చూపి పాత పాలనలో మతసామరస్యం వెల్లివిరిసిందనేవారు నేటికీ వున్నారు. అయితే కొత్త ప్రార్థనామందిరం కట్టాలన్నా, పాతది బాగుచేసుకోవాలన్నా అనుమతి యిచ్చేది కూడా ఆ శాఖే. 1938–39లో ఆర్యసమాజం సత్యాగ్రహానికి దిగింది యిటువంటి ఆంక్షల మీదనే. ఆ వుద్యమంలో మతోన్మాదపు పాలు వుండింది, కాదనను. కాని ఫిర్యాదు నిజమైనదే. ప్రభువు దయగా యిచ్చేది హక్కు కాదు, యిచ్చినవాడే ఆపగలడు.

క్రైస్తవం మా పల్లెలకు యీ దర్బారు దారిన రాలేదు. సికిందరాబాదు కంటోన్మెంటు నుంచి బయలుదేరిన వెస్లియన్ మిషను పందొమ్మిదో శతాబ్దం చివర మెదకు, కరీంనగరం ప్రాంతాల్లో అడుగుపెట్టింది. దాని వెనుక సామ్రాజ్యం నీడ వుందన్న మాట దాచనక్కరలేదు. అయినా మిషను మాటను ఆలకించింది దొరల గడీలు కావు, మాల మాదిగ వాడలు. వెట్టికి రమ్మని అరిచి పిలిచే వూళ్లో, పేరు పెట్టి పిలిచి పలక చేతికిచ్చిన మనిషి వెంట జనం నడిచారంటే ఆశ్చర్యమేముంది? మెదకు చర్చి నిర్మాణం 1914లో మొదలయింది. కరువు రోజుల్లో పోస్నెట్ దొర కూలీలకు పని చూపి, తిండి పెట్టి కట్టించిన గుడి అది. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు. అన్నానికి ఆశపడి మతం మారారని యెగతాళి చేసేవాళ్లు, ఆ అన్నం అంతకు ముందు యెవరి గాదెల్లో వుండిందో చెప్పరు.

మతం మారితే కులం పోయిందా? పోలేదు. యీ సంగతి జాషువా కంటె బాగా యెరిగినవారు లేరు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆ కవి 1941లో ‘గబ్బిలం’ ప్రకటించాడు. అందులో నాయకుడు తన మొర కాశీ విశ్వనాథుడికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు. మనిషికి ప్రవేశం లేని గుడిలోకి పక్షికి వుంది! చర్చిలో మోకరించినా వూరి దృష్టిలో అతడు పాత కులంవాడే. ఆ కవే తరవాత ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మన విమర్శకులు యీ రెండు కావ్యాలనూ రెండు వేరు జాషువాలు రాసినట్టు విడదీసి మాట్లాడుతుంటారు.

వూరు చూసే యీ కులాన్ని చట్టం చూడనంటుంది. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి వుత్తరువులోని మూడవ పేరా ప్రకారం హిందూమతం కాక వేరే మతం అవలంబించేవారు షెడ్యూల్డు కులంవారు కారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకు, ముస్లిములకు సడలించలేదు. తెలుగునాట క్రైస్తవులైన దళితులను వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగంలో వేసి వొక శాతం కేటాయించారు. దెబ్బ తగిలింది ఉద్యోగాలకే కాదు. షెడ్యూల్డు కులంవాడు కానివాడికి 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం రక్ష కూడా వుండదు. కొట్టేవాడు కులం చూసి కొడతాడు, న్యాయస్థానం మతం చూసి పంపేస్తుంది.

దీని ఫలితం మా పల్లెల్లో డిసెంబరు వచ్చిందంటే కనిపిస్తుంది. యింటిమీద నక్షత్రం కట్టే తల్లి, కొడుకు దరఖాస్తులో ‘హిందువు’ అని రాయిస్తుంది. ఆమెను కపటి అనడం సులభం. నా వుద్దేశంలో అబద్ధం రాసింది ఆమె కాదు, ఆమెచేత రాయించినది చట్టం. విందుకు క్రైస్తవురాలిగా రావాలట, కచేరీకి హిందువుగా రావాలట!

కానుకల బట్టల సంగతి కూడా వొక మాట చెప్పాలి, యెందుకంటే మాకు పక్కనే సిరిసిల్ల. 2017లో బతుకమ్మ చీరల పథకం పెట్టినప్పుడు సూరత్ చీరలు తెప్పించారని గొడవ అయింది. ఆ పిమ్మట ఆర్డర్లు సిరిసిల్ల మరమగ్గాలకు వచ్చాయి. యే దేవుడి పండుగైనా కార్మికుడికి పని దొరికితే చాలు. 2024లో కొత్త ప్రభుత్వం ఆ చీరలు ఆపేసింది, మగ్గాలు మూలపడ్డాయి, నేతకార్మికుల ఆత్మహత్యల వార్తలు చదివాం. అరికేసరి దానానికీ యీ ఆర్డరుకూ పోలిక లేదని నేననుకోను.

మన శిబిరానికి కూడా డిసెంబరు 25 పరాయి తేదీ కాదు. 1927లో అదే రోజున మహద్‌లో అంబేద్కరు మనుస్మృతిని దహనం చేశాడు. 1968లో అదే రాత్రి తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో కూలి పెంచమన్న నేరానికి నలభైనాలుగు మంది దళితులను గుడిసెలో పెట్టి కాల్చారు. మన సభల్లో యీ రెండూ తలుచుకుంటాం. ఆ రాత్రే వాడలో ప్రార్థనకు పోయే కూలిమనిషి కుల ధ్రువపత్రం సంగతి మాత్రం మన తీర్మానాల్లో అరుదు. అది వాళ్ల మతవిషయమని తప్పుకుంటాం. మూడవ పేరాను తొలగించాలన్న కోరికలో మతం యెక్కడుంది? మతాన్ని చూడకుండా కులపీడనను చూడమనడమే గదా అది.

2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం యీ ప్రశ్న పరిశీలించమని విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ అధ్యక్షతన సంఘాన్ని నియమించి రెండేళ్ల గడువు యిచ్చింది. ఆ గడువు తీరింది, పొడిగించారు.