ఇప్పసారా రుచియు ఆబ్కారీ కొలతయు

స్కాట్లండు దేశమున ఒక్క బట్టీలోనే, మొలకెత్తించిన బార్లీ తప్ప వేరొక ధాన్యము చేర్చక, రాగిపాత్రలలో మరగించి దించిన మద్యమును, మూడేండ్లకు తక్కువ గాకుండ ఓకు పీపాలలో నిలువయుంచి, సింగిల్ మాల్ట్ అను పేర సీసాల కెత్తుదురు. దానిని రుచిచూచు నేర్పరులు గాజుపాత్రలో నాలుగు చుక్కలు నీరు కలిపి, ముందు వాసనను, పిదప నాలుకపై రుచిని, గొంతు దిగిన వెనుక నిలుచు శేషమును వేరువేరుగ పరీక్షించి, ఇందు పీటు మట్టి పొగ యున్నదనియు, ఇందు తేనె యున్నదనియు, ఇందు సముద్రపు టుప్పుగాలి యున్నదనియు వ్రాయుచుందురు. ఈ వ్రాతలను చదివి నవ్వువారును మనలో కలరు, అదియేదో సీమదొరలకే అబ్బిన విద్య యని తలయూపువారును కలరు. నాకు ఆ నవ్వును రాదు, ఆ యాశ్చర్యమును కలుగదు. ఏలయన, శ్రీకాకుళ విజయనగర మండలముల కొండవాలులలో ఇట్టి పరీక్ష, గాజుపాత్రకు బదులు అడ్డాకు దొప్పతో, తరతరములుగ సాగినది. అచ్చటి విద్య గ్రంథస్థమై లోకప్రసిద్ధి నొందుటకును, ఇచ్చటిది చాటుమాటున పడియుండుటకును గల కారణము ప్రభుత్వములు మద్యముపై పన్ను వసూలుచేసిన తీరులో వెదకవలెనని నా యభిప్రాయము.

మహేంద్రగిరి మొదలుకొని సాలూరు, పాచిపెంట కొండల వరకు వ్యాపించిన తూర్పు కనుమలలో, సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురము మొదలగు తావులయందు నివసించు సవరలకును జాతాపులకును జీలుగుకల్లు వేరు, తాటికల్లు వేరు, ఈతకల్లు వేరు, ఇప్పసారా వేరు. ప్రతిదానికిని తనదైన ఋతువును, మర్యాదయు కలవు. వీనిలో జీలుగు మిక్కిలి విచిత్రమైన చెట్టు. పదియేండ్లు దాటినగాని అది పూతకు రాదు. వచ్చిన పిమ్మట తలనుండి క్రిందికి ఒక్కొక్క గెలయే వెడలి, కట్టకడపటి గెల తీరుటతో చెట్టును ప్రాణము విడుచును. బ్రతికినన్నాళ్ళును మంచి చెట్టు దినమునకు ఇరువది లీటర్ల వరకు కల్లు కురియును. కరవుకాలమున దాని మాను చీల్చి లోపలి పిండిని అంబలి కాచుకొందురు. అట్టి చెట్టొకటి గల కుటుంబమునకు అది తండ్రి నుండి కొడుకునకు సంక్రమించు ఆస్తియే.

కల్లు రుచి గడియగడియకును మారును. తెలతెలవారుచుండగ దించినది తియ్యన. ప్రొద్దెక్కిన కొలది నురుగెత్తి, నడిమధ్యాహ్నమునకు పులుపును వగరును కలిసి, మరునాటికి నోట పెట్టరానిదగును. కుండలోపల సున్నము పూసినచో పులియుట ఆగి తియ్యదన మట్లే నిలుచును. అందువలన కల్లు ఎరిగినవాడు దొప్ప చేతికందగనే ఎప్పుడు దించినారని మొదట నడుగును, ఏ చెట్టుదని తరువాత నడుగును. పోతుతాటి కల్లునకును పండుతాటి కల్లునకును, కొండచరియ చెట్టునకును పల్లపు చెట్టునకును గల భేదమును వాసనచేతనే చెప్పువారుందురు. తీరమున ఉద్దానపు కొబ్బరితోటల వారికిని, విజయనగరపు మెట్టలలో తాటివనముల వారికిని ఈ వివేకము కొండవారికంటె తక్కువ కాదు. గీత వృత్తిగా గలవారు శ్రీకాకుళపు వైపున శ్రీశయనులు, సెగిడులు అనియు, విజయనగర విశాఖల వైపున యాతలు అనియు పిలువబడుదురు; చెట్టు నెక్కి గెలను కోయు కత్తివాటము రవంత తప్పినను ఆ దినపు కల్లు రుచి చెడునని వారందరు నెరుగుదురు.

ఇప్ప సంగతి వేరు. ఫాల్గుణ చైత్రములలో ఆకు రాలిన కొమ్మల చివర రాత్రివేళ విచ్చి, వేకువన నేలరాలెడి ఆ దళసరి పూవులను ఆడువారును పిల్లలును తట్టల కెత్తి తెచ్చి, ఎండబెట్టి నిలువచేయుదురు. ఎండిన పూవు తూకములో సగమునకు పైగా చక్కెరయే కావున అది ఆహారముగను పనికివచ్చును, అమ్మకమునకును పనికివచ్చును. సారా తీయవలసినపుడు పూవును నీట నానవైచి, కొన్నిదినములు పులియనిచ్చి, కట్టెలపొయ్యిపై కుండ నెక్కించి, దానిపై వేరొక కుండను బోర్లించి మట్టితో మెత్తి, వెదురుగొట్టపు దారిని ఆవిరిని చన్నీట నుంచిన కుండలోనికి పంపుదురు. తొలిధార ఘాటైనది, కడపటిది పలుచనిది, నడుమ వచ్చినదే త్రాగదగినది. నిప్పుపై చల్లినపుడు లేచు మంటను బట్టియు, కుదిపినపుడు బుడగలు నిలుచు కాలమును బట్టియు బలము నిర్ణయింతురు. స్కాట్లండున గ్లెన్‌లివెట్ లోయలోని బట్టీవాడును తొలిధారను కడధారను ప్రక్కకు తీసి నడిమిధారనే పీపాల కెక్కించుననిన, ఈ రెండు విద్యలును ఎంత దగ్గరి చుట్టములో తెలియగలదు.

అచ్చటి పీటు పొగకు ఇచ్చట కట్టెల పొగ సాటివచ్చినది. పందొమ్మిదవ శతాబ్దిలో మన దేశపు వృక్షములను గూర్చి వ్రాసిన ఆంగ్లేయులు ఇప్పసారాకు పొగవాసనయు, ఒకవిధమైన దుర్గంధమును కలవనియు, నిలువచేసినచో ఆ దోషము తొలగుననియు వ్రాసిరి; జాగ్రత్తగ తీసినది ఐర్లండు విస్కీని పోలియుండునని మెచ్చినవారును లేకపోలేదు. ఈ మెప్పును నేను పెద్దగ పాటింపను, మన వస్తువు మంచిదగుటకు పొరుగుదేశపు పోలిక యక్కరలేదు. కాని నిలువచేసినచో గుణము హెచ్చునను మాట మాత్రము ఆలోచింపదగినది. కొండవాని యింట సారా ఏండ్లతరబడి నిలుచుటకు వీలెక్కడిది? పండుగకో పెండ్లికో పితృదేవతలకో తీసినది ఆ వేడుకతోనే తీరిపోవును. తీరక మిగిలిన కుండ తరువాతి కాలమున ఆబ్కారీ జవానుల కంటబడిన నేరమగును.

ఆబ్కారీ యనగనే మన కథ కొండదిగి కచేరీకి చేరును. నాడు ఈ ప్రాంతము కొంత గంజాం జిల్లాలోను, కొంత విశాఖపట్టణపు జిల్లాలోను ఉండెడిది. చెన్నపురి ప్రభుత్వము 1886లో ఆబ్కారీ చట్టము చేసి, అనుమతి లేక మద్యము తీయుటను, అమ్ముటను నిషేధించి, కల్లుచెట్లపై చెట్టుపన్ను వేసి, సారాను చిన్నచిన్న బట్టీలనుండి తప్పించి గుత్తకు తీసికొన్న పెద్ద బట్టీలకు క్రమక్రమముగ అప్పగించెను. గంజాం జిల్లా ఆస్కాలో మించిన్ కుటుంబమువారు నడిపిన చక్కెర కార్ఖానా అట్టి పెద్ద బట్టీలలో నొకటి. కొండప్రాంతములకు కొన్ని సడలింపు లుండినను, నిర్బంధపు నీడ అచ్చటికిని ప్రాకినది. అంతకు ముందే 1879లో గోదావరి మన్యమున రంప పితూరీ రేగుటకు కల్లుపై వేసిన పన్నును, సొంత వాడుకకు సైతము గీయరాదను ఆంక్షయు ముఖ్యకారణములైనవని చరిత్ర చెప్పుచున్నది.

ఈ పెద్దబట్టీల సారాను సర్కారు కొలిచిన సాధనము సైక్స్ హైడ్రోమీటరు. బ్రిటనులో 1816 నాటి చట్టముచే ప్రమాణమైన ఈ తేలుడుగుండు మద్యము బలమును మాత్రమే చెప్పును. నూటికి సుమారు 57 పాళ్ళు ఆల్కహాలు గలది ప్రూఫు. దానికి ఇన్ని డిగ్రీలు తక్కువ యని బలమును లెక్కించి, ఆ లెక్కపై సుంకము విధించిరి. ముప్పది తక్కువ యనిన నూటికి 40 పాళ్ళు. నేటి స్కాచి సీసాలపై కనిష్ఠముగ కనబడు అంకెయు అదియే. అంకె ఒక్కటేయైనను ఫలితములు వేరు. ఆ గుండునకు ఇప్పపూవేదో, బెల్లపుమడ్డి యేదో తెలియదు. సీతంపేట యేదో, ఆస్కా యేదో తెలియదు. సర్కారు కడిగిన ప్రశ్న బలమెంత యనునది ఒక్కటే. దుకాణమునకు పోయినవాడును కాలక్రమమున ఆ ఒక్క ప్రశ్నయే అడుగ నేర్చుకొనెను.

ఆ దుకాణము తెలుగు సాహిత్యమున చిరస్థాయిగ నిలిచినది విజయనగరమునుండియే. గురజాడవారి కన్యాశుల్కము 1892లో ఆ పట్టణముననే తొలుత ప్రదర్శింపబడినది. 1909లో వెలువడిన పెంచిన ప్రతిలో సారాదుకాణపు రంగమున దుకాణదారును, హవల్దారును, బైరాగియు, వీరేశ మనవాళ్ళయ్యలును చేరి త్రాగుచు, మతముల తారతమ్యమును, మోక్షమార్గమును తర్కింతురు. హాస్యమున కది తెలుగున మేరువు. అచ్చట దుకాణపు సరుకు మనుష్యుల నాలుక విప్పుటకు మాత్రమే పనికివచ్చినది గాని, దాని నెవడును నాలుకతో విచారించినట్లు కనబడదు. పట్నపు త్రాగుబోతు కొండవాని వివేకము నప్పటికే కోల్పోయినాడని దీనినిబట్టి యూహించుట సాహసమే యగునేమో. కాని ఆ సాహసము చేయుటకు నాకు సంకోచము లేదు.

ఇంతమాత్రమున కొండలలోని త్రాగుడంతయు వివేకమయమని చదువరులు భ్రమపడరాదు. సారా చాటున సాగిన అన్యాయము ఈ ప్రాంతపు చరిత్రలో మిక్కిలి చీకటి ఘట్టము. ఒడ్డెదేశము నుండి వచ్చిన సొండులు ఏజన్సీలో సారా అమ్మి, అరువు పెట్టి, అప్పునకు వడ్డి కట్టి, తుదకు గిరిజనుల భూములను చేజిక్కించుకొన్న తీరును 1907లో ప్రకటితమైన విశాఖపట్టణ జిల్లా గెజెటీరున ఫ్రాన్సిస్ వ్రాసియున్నాడు. 1917లో ఏజన్సీ భూముల అన్యాక్రాంతమును నిరోధించు చట్టము వచ్చుటకును, అది చాలక 1967 నుండి శ్రీకాకుళపు కొండలు గిరిజనుల తిరుగుబాటుతో భగ్గుమనుటకును గల కారణములలో షావుకారు అప్పు ప్రధానమైనది. తన చెట్టు కల్లును తానే త్రాగిన సవర మునుగలేదు, దుకాణపు సారాను అరువు త్రాగిన సవర మునిగినాడు.

సవరల లోకమును లోపలినుండి చూచినవారిలో శ్రీముఖలింగ సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ప్రథములు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగ నుండి, సవరభాష నేర్చి, 1931లో ఆ భాషకు వ్యాకరణమును, ఆ పిదప నిఘంటువును ప్రకటించిరి. వ్యావహారికమునకై పోరాడిన ఆయనను గ్రాంథికమున స్మరించుట అపచారమే యైనను, ఆయన క్షమింపగలరని నమ్మెదను. వారి తరువాత ఆ యొడ్డెకొండల సవరల మతమును గూర్చి 1955లో బృహద్గ్రంథము వెలువరించిన వెరియర్ ఎల్విన్, మృతులకును దేవతలకును కల్లుసారాలు ధారవోయక ఏ క్రతువును సాగదని సవిస్తరముగ వర్ణించెను. పితరులకు చెడ్డది పెట్టరాదు గనుక, పూజారి ముందు రుచిచూచును. ఉత్తమ రుచిపరీక్షకు ఇంతకంటె గట్టి నిమిత్త మేదియు నాకు తోచదు.

స్కాట్లండులోను మొదట దొంగబట్టీలే యుండెను. 1823 నాటి చట్టము స్వల్పరుసుముతో చిన్నబట్టీలకు సైతము అనుమతి నొసగగా, మరుసటియేట గ్లెన్‌లివెట్‌లో జార్జి స్మిత్ తొలుత అనుమతి పొంది, పొరుగు దొంగబట్టీలవారు పగబట్టుటచే నడుమున రెండు పిస్తోళ్ళు దోపుకొని తిరిగినాడట. ఆ చట్టము బట్టీని ఉన్నచోటనే యుంచి పన్ను తీసికొన్నది. అందుచే ఊరిపేరు సీసాపై నిలిచినది. మూడేండ్ల నిలువ నియమమునకు మూలము మరింత వింతైనది: మొదటి మహాయుద్ధమున ఆయుధశాలల కార్మికుల త్రాగుడును అరికట్టదలచి 1915లో చేసిన శాసనమునుండియే అది పుట్టినది. అచ్చట మద్యపాన విరోధము పీపాను నిలిపినది, ఇచ్చట కుండను పగులగొట్టినది.

పగులగొట్టుట మాటవరుసకు గాదు. 1937లో సేలమున రాజాజీ ప్రారంభించిన మద్యనిషేధము 1948 నాటికి చెన్నపురి రాష్ట్రమంతటను వ్యాపించి, గీతపనివారి నోటికూడు తీసినది. బారువ గ్రామమున 1909లో గీతవృత్తివారి యింట జన్మించిన గౌతు లచ్చన్నగారు వారి పక్షమున ఉద్యమించిరి. గిడుగువారు గాక వేరొక రామమూర్తిగారి పేర నిషేధమును విచారించిన సంఘము దానిని ఎత్తివేయవలెనని సిఫారసు చేసినను ఆంధ్రరాష్ట్రమున ప్రకాశంగారి మంత్రివర్గ మంగీకరింపక, 1954 నవంబరులో ఒక్క వోటు తేడాతో పడిపోయినది. కల్లుకుండ కొక మంత్రివర్గము బలియగుట మన దేశమున అరుదు. తరువాత నిషేధము సడలుటయు, 1993లో సారాను, 1995లో మద్యమంతటిని మరల నిషేధించుటయు, రెండేండ్లకే సడలించుటయు ఎల్లర కెరుకయే. ఈ రాకపోకల నడుమ సర్కారు దుకాణమున నిలిచినది ఊరుపేరు లేని సీసా. కొండలలో మిగిలినది పోలీసులకు వెరచి తొందరతొందరగ తీయు సరుకు. బెల్లపూటలో బ్యాటరీలు, యూరియా కలుపు పాపము ఈ తొందర తెచ్చినదే. దానికి ఇప్పసారాతో పేరు కలుపుట అన్యాయము.

ఇప్పుడు ఇతరప్రాంతములవారు మేలుకొనుచున్నారు. జీడిపండునుండి తీయు గోవావారి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన పలాస తోటలలో జీడిపండు చాలవరకు నేలపాలగుచున్నది. బెంగుళూరు అమృత్‌వారు 2004లో తమ సింగిల్ మాల్టును గ్లాస్గో నగరముననే విడుదలచేసి, మన యెండకు పీపాలోని సరుకు ఏటేట పదిపాళ్ళకు పైగ ఆవిరియైనను గుణము మాత్రము త్వరగ పండునని నిరూపించిరి. మధ్యప్రదేశ్ ప్రభుత్వము ఇప్పసారాకు వారసత్వ మద్యమని పేరిడి గిరిజన సంఘములచే తీయించుచున్నది. ఈ తూర్పు కనుమలలోనే పండు అరకు కాఫీకి 2019లో గుర్తింపు వచ్చి, దాని వాసనను రుచిని వర్ణించు నేర్పరులు పారిసు వరకు ఏర్పడిరి.

మన ప్రభుత్వము సారా దుకాణములు తెరువవలెనని నేను కోరుటలేదు; ఆ కోరికకు వ్యతిరేకముగ, సారాపై ఉద్యమించిన దూబగుంట స్త్రీలు చెప్పిన సాక్ష్యము చాలును. నా మనవి విశ్వవిద్యాలయముల వారితో. జీలుగు గెల ఎప్పుడు కోయవలెనో, ఏ కట్టె పొగ ఇప్పకు పొసగునో, నడిమిధార ఎచ్చట మొదలగునో ఎరిగిన వృద్ధులు సీతంపేట, కురుపాం కొండలలో ఇంకను ఉన్నారు. సవర పాటలను, పండుగలను సేకరించుటకు పోవు పరిశోధకులు వారి యొద్ద కూర్చుండి ఈ సంగతులను కూడ వ్రాసికొని రావలెను.