వడమాలపేటలో వడ

తిరుపతి నుంచి పుత్తూరు పోయే బస్సులో 'వడమాలపేట' అని కండక్టరు కేకేస్తే, ఆ పేరులో అరవం ఉందని ఎవరికీ తట్టదు. ఈ వడ తినే వడ కాదు, ఎండాకాలపు వడగాలీ కాదు. తమిళంలో 'వడ' అంటే ఉత్తరం, 'మలై' అంటే కొండ. తొల్కాప్పియం పాయిరంలో తమిళ దేశానికి ఉత్తరపు ఎల్ల వడవేంగడం, అంటే మన తిరుమల కొండే. దక్షిణాన కుమరి. ఊరి పేరుకు నేను చెప్పుకునే అర్థం ఆ ఉత్తరపు కొండే. చివరనున్న 'పేట'ను మాత్రం మనమూ తమిళులూ ఇద్దరమూ వాడతాం. వాళ్లు పేట్టై అంటారు.

నాకు మరీ ఇష్టమైనది ఇంకొకటి. పాత తమిళంలో మనల్ని వడుగర్ అన్నారు, ఉత్తరాదివాళ్లని. నీలగిరుల్లోని బడగ జనం పేరుదీ ఆ మూలమే; తమిళంలో వకారం ఉన్నచోట వాళ్ల మాటలో బకారం ఉంటుంది.

పక్క భాష పేరు ఉండటం సరిహద్దు ఊళ్లకు మామూలే. స్వీడన్ అంచున హాపరాండా అనే చిన్న పట్టణం ఉంది. ఫిన్నిష్‌లో హాపా అంటే ఆస్పెన్ చెట్టు, రాంతా అంటే ఒడ్డు. 1809లో ఫిన్లాండ్ రష్యాకు పోయి సరిహద్దు గీత మారినా, ఆ చోటును స్వీడన్‌వాళ్లు ఇప్పటికీ ఫిన్నిష్ పేరుతోనే పిలుస్తున్నారు.