తీరం లేని అల

సముద్రాన్ని చిత్రించేవాడు తీరవాసి అయి ఉండాలని మనం తేలిగ్గా అనుకుంటాం. ఆ లెక్కన, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున దక్కను రాళ్ల మీద ఉన్న బొల్లారం లాంటి ఊళ్లకు అలతో పనే లేదు. కానీ తెలుగువాళ్లలో అలకు గొప్ప అమూర్త రూపం ఇచ్చిన కృష్ణారెడ్డి 1925లో పుట్టింది కూడా తీరానికి దూరంగా, చిత్తూరు దగ్గరి పల్లెలో. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివాక మద్రాసులోని కళాక్షేత్రలో పాఠాలు చెప్పారు కదా, అడయారు సముద్రం ఆయన కళ్లలో ఉండిపోయి ఉండదా అని అడగవచ్చు. ఉండే ఉంటుంది. అయితే ఆయన అచ్చుచిత్రాలు ‘అల’, ‘సుడిగుండం’ రెండూ 1963 నాటివి, పారిస్‌లో చేసినవి. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ అలలో పడవలున్నాయి, ఫుజి కొండ ఉంది, వాటిని బట్టి నీటి ఎత్తు తెలుస్తుంది. రెడ్డి అలలో అలాంటి ఆనవాలేదీ లేదు. ఆయన అల కంటి జ్ఞాపకంలోంచి కాక, లోహపు రేకులోంచి లేచిందని నా వాదన.

పారిస్‌లో స్టాన్లీ హేటర్ నడిపిన అచ్చుచిత్రాల కార్యశాల అటెలియే 17లో, 1950లలో, రెడ్డి, తోటి కళాకారుడు కైకో మోతీ ఒక కొత్త పద్ధతిని రూపుదిద్దారు. రేకును వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. ఇంకుల్లో అవిసె నూనె పాళ్లు మారుస్తారు. నూనె ఎక్కువున్న ఇంకు పరుచుకున్న చోట చిక్కటి ఇంకు అంటదు. గట్టి రోలరు పైమట్టాన్నే తాకుతుంది, మెత్తనిది పల్లాల్లోకి దిగుతుంది. రంగులన్నీ ఒకే రేకు మీద, ఒకే అచ్చులో పడతాయి. ఒక ద్రవం మరో ద్రవాన్ని తోసేయడమే ఇక్కడ రంగుల అమరికను తేలుస్తుంది. నీటి స్వభావం పనిముట్టులోనే ఉన్నప్పుడు దాన్ని బయట వెతకనక్కర్లేదు.

అంతా పద్ధతి గొప్పే అయితే కళాకారుడి గొప్ప ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే. అదే పద్ధతి తెలిసిన మోతీ చిత్రాలు వేరే దారిలో నడిచాయి. రెడ్డి హెన్రీ మూర్, జాడ్‌కిన్ దగ్గర శిల్పం నేర్చుకున్నవారు. రేకును శిల్పంలా తొలిచారు. ఇది కాన్వాసు కాదు, అచ్చుపని మాత్రమే అనేవాళ్లు ఆ తొలిచిన చేతిని చూడడం లేదు. ఆయనకు విషయం నీరు కాదు, నీటిని కదిలించే బలం. 1968లో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు, అదే పద్ధతిలో, మరో రేకు మీద ఆయన ‘ప్రదర్శనకారులు’ చెక్కారు.