చారుకీ బ్లడీ మేరీకీ మధ్య

బ్లడీ మేరీ ఇంట్లో కలుపుకోవడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదండీ. టమాటా రసం, నిమ్మరసం, ఉప్పు, మిరియాల పొడి, కారం సాస్, కాస్త వూస్టర్ సాస్. 1837లో అమ్మకానికొచ్చిన ఆ ఇంగ్లీషు సాస్‌లోనూ చింతపండు ఉంది! అంటే వోడ్కా తీసేస్తే మిగిలేది దాదాపు మన బెజవాడ చారే, పోపొక్కటే తక్కువ.

గొడవంతా ఆ వోడ్కాతోనే. అమెరికాలో 1920లో వచ్చిన మద్యనిషేధం 1933లో పోయింది. మరుసటేడు న్యూయార్క్ సెయింట్ రీజిస్ హోటల్ బార్‌లో చేరిన ఫెర్నాండ్ పెటియో, వట్టి టమాటా-వోడ్కాకి ఈ ఉప్పూకారం తగిలించాడు.

మన దగ్గర నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. 1992కల్లా ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993లో సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మద్యం మొత్తం నిషేధించింది. బెజవాడ బార్లూ మూతబడ్డాయి. 1997లో ఖజానా లెక్కలు చూపించి సడలించేశారు.

కూలి డబ్బులు సారాకి పోతే పొయ్యి వెలగని ఇళ్ళు వాళ్ళవి. నెల తిరిగేసరికి జీతం బ్యాంకులో పడే మనకి గ్లాసు కలుపుకోవడం వీకెండు సరదా. "తాగితే నా ఇష్టం, నా డబ్బు" అనేముందు దూబగుంటని ఓసారి తలుచుకుందాం. ఏమంటారు?

నేను మాత్రం పోపు వైపే.